నెబో కొండయు, కృష్ణా కాలువయు: మన పితరుల ఆయుష్కాలమును గూర్చి కొన్ని తలంపులు



ప్రతి సంవత్సరము ఈస్టరు వేకువను మేము గన్నవరములో కొవ్వొత్తులు పట్టుకొని, పాటలు పాడుకొనుచు సమాధుల తోటకు వెళ్లుదుము. ముందు వారమే సమాధులకు సున్నము వేయించి, గడ్డి పీకించి, బంతిపూలు తెచ్చి ఉంచుదుము. చీకటి విడుచుచుండగా అయ్యగారు ప్రార్థన చేయుదురు. అప్పటికే విజయవాడ, ఏలూరు రోడ్డు మీద లారీల రొద మొదలగును. తెల్లవారిన తరువాత పిల్లలు ఒక్కొక్క సమాధి యొద్దకు పోయి రాతి మీది పేరు, పుట్టిన తేదీ, చనిపోయిన తేదీ బిగ్గరగా చదువుదురు. క్రొత్త సమాధులకు నల్లరాయి, పాలరాయి ఉన్నవి. తోట వెనుక ప్రక్కన పాత సమాధులు కొన్ని ఇటుక దిబ్బలుగా మిగిలినవి. వాటి మీద పేరు లేదు. వాటి క్రింద ఎవరున్నారో చెప్పగలవారు ఇప్పుడు మాలో ఎవరును లేరు. అక్కడకు వచ్చుసరికి పిల్లలు చదువుట మాని ఊరకుందురు.

ఈ శతవార్షికోత్సవ సందర్భమున మా సంఘములో ఒక చర్చ వచ్చినది. కానుకలిచ్చిన వారి పేర్లను పెద్ద రాతి పలక మీద చెక్కించి గుడి ముందు నిలుపవలెనని కొందరు పెద్దలనిరి. ఎంత ఇచ్చిన వారి పేరు వేయవలెను, ఎవరి పేరు ముందుండవలెనను మాట మీద చాలసేపు గడచినది. అప్పుడు వెనుక చాప మీద కూర్చున్న ఒక వృద్ధురాలు లేచెను. ఆమెకు ఎనుబది యేండ్లు దగ్గరపడినవి. మా సంఘములో పిడికెడు బియ్యపు కుండ త్రిప్పునది ఆమెయే. ఇంటింట అన్నము వండునప్పుడు దేవుని పేరిట తీసి ఉంచిన పిడికెడు బియ్యమును నలుబది యేండ్లుగా పోగుచేసి గుడికి తెచ్చుచున్నది. ఆమె అడిగినది ఒక్క మాటే: "అయ్యగారూ, నాకు మోకాళ్లు పట్టేశాయి. నేను పోయాక ఈ కుండ ఎవరు తిప్పుతారయ్యా?"

ఎవరును జవాబు చెప్పలేదు. రాతి పలక మాట అంతటితో ఆగినది. ఆమె ప్రశ్న మాత్రము మమ్ములను విడువలేదు. ఈ సంచికకు చరిత్ర వ్యాసము వ్రాయుమని సంపాదకవర్గమువారు కోరగా, ఆ ప్రశ్ననే చేతబట్టుకొని మన పితరుల చరిత్రను మరల చదివితిమి. చదివి గ్రహించినది మీ ముందుంచుచున్నాము.

మోషే ప్రార్థన

నరుని ఆయుస్సు ఎంత కొద్దిపాటిదో చెప్పు వాక్యములు పరిశుద్ధ గ్రంథములో చాల ఉన్నవి. యోబు మనుష్యుని పువ్వుతోను నీడతోను పోల్చెను. యాకోబు తన పత్రికలో కొంచెముసేపు కనబడి మాయమగు ఆవిరితో పోల్చెను. అయితే సమాధి యొద్ద మన గుడులలో తరచుగా చదువబడునది 90వ కీర్తన. దానికి పైన మోషే ప్రార్థన అని వ్రాయబడియున్నది. డెబ్బది సంవత్సరములు, బలమున్న యెడల ఎనుబది అను లెక్క ఆ కీర్తనలోనిదే.

ఈ కీర్తన ఎవరిదో మరువరాదు. నలుబది సంవత్సరములు అరణ్యములో ఒక తరమంతటిని పాతిపెట్టుచు నడచినవాడు మోషే. అక్క మిర్యామును, అన్న అహరోనును త్రోవలోనే పోగొట్టుకొనెను. కడపట నెబో కొండనెక్కి యొర్దాను ఆవలి దేశమును కన్నులార చూచెను, కాని దానిలో అడుగు పెట్టలేదు. ద్వితీయోపదేశకాండము చివరి అధ్యాయము చెప్పునట్లు ఆయన సమాధి ఎక్కడనున్నదో ఎవరికిని తెలియదు. ఇశ్రాయేలీయులలో అంత గొప్పవానికి రాయి లేదు, పేరు చెక్కిన పలక లేదు.

ఆ కీర్తన మొదటి భాగము మంటిని గూర్చియు, గడ్డిని గూర్చియు చెప్పును. మధ్యలో దినములను సరిగా లెక్కించు బుద్ధినిమ్మని వేడుకొనును. ముగింపులోనైతే మోషే తన పేరు నిలువవలెనని అడుగలేదు, ఆయుస్సు పెంచుమనియు అడుగలేదు. తమ చేతుల పనిని దేవుడు స్థిరపరచవలెనని అడిగెను, ఆ మాట రెండుసార్లు అడిగెను. చావును గూర్చిన కీర్తన చేతిపనితో ముగియుట మనము గమనింపవలసిన సంగతి. చేయువాడు పోవును, పని నిలుచును. దానిని నిలుపువాడు దేవుడు. మన కృష్ణా మండలపు సంఘ చరిత్ర అంతయు ఈ ప్రార్థనకు సాక్ష్యముగా మాకు కనబడుచున్నది.

బందరులో ఇద్దరు యువకులు

బందరులో డచ్చివారి సమాధులు ఇప్పటికిని ఉన్నవి. 17వ శతాబ్దములో బట్టల వ్యాపారము కొరకు వచ్చి అక్కడనే కన్నుమూసిన వర్తకులవి. పెద్ద పెద్ద రాళ్ల మీద వంశ చిహ్నములు, చక్కని అక్షరములు చెక్కబడియున్నవి. పురావస్తు శాఖవారు వాటిని కాపాడుచున్నారు. చూచుటకు వచ్చినవారు ఆ చెక్కడమును మెచ్చుకొందురు గాని, ఆ భాష చదువగలవారు అరుదు, ఆ పేరు గలవారిని ఎరిగినవారు ఊరిలో లేరు.

ఆ బందరుకే 1841లో చర్చి మిషనరీ సొసైటీ పక్షమున ఇద్దరు ఆంగ్లేయులు వచ్చిరి. వారు రాబర్టు నోబుల్ దొరగారు, హెన్రీ వాట్సన్ ఫాక్సు దొరగారు. నోబుల్ గారికి అప్పుడు ముప్పది రెండేండ్లు, ఫాక్సు గారికి ఇరువది నాలుగు. నోబుల్ గారు బడి పెట్టుటకును, ఫాక్సు గారు ఊరూర తిరిగి తెలుగులో సువార్త చెప్పుటకును నిశ్చయించుకొనిరి.

ఫాక్సు గారి దినములు కొద్దివి. 1845లో జబ్బుపడిన భార్యను స్వదేశమునకు తీసికొనిపోవ బయలుదేరగా ఆమె ఓడలోనే కన్నుమూసెను. బిడ్డలను ఇంగ్లండులో విడిచి, మరుసటి సంవత్సరము ఆయన ఒంటరిగా బందరుకు తిరిగివచ్చెను. ఆరోగ్యము చెడి 1848లో మరల వెళ్లిపోవలసి వచ్చెను. ఆ యేడు అక్టోబరు 14వ తేదీన డర్హాములో చనిపోయెను. అప్పటికి ఆయనకు ముప్పదియొక యేండ్లు నిండి రెండు వారములు. మన దేశములో ఆయన పనిచేసినది అంతయు కలిపి ఏడు సంవత్సరములు కూడ కాదు. చెప్పుకొనదగిన పంట ఏదియు ఆయన కంటితో చూడలేదు. ఆయన సమాధి కూడ మన గడ్డ మీద లేదు. అయినను ఆయన చదువుకొన్న రగ్బీ పాఠశాలవారు ఆయన జ్ఞాపకార్థము బందరు బడికి ఒక ఉపాధ్యాయుని ఖర్చు పెట్టుకొనిరి. ఫాక్సు గారికి కట్టిన గోరీ అదియే అనవచ్చును. దానిలో బాలురు కూర్చుండి చదువుకొనిరి.

నోబుల్ గారి బడి 1843లో ఆరంభమయ్యెను. సంవత్సరము వెంబడి సంవత్సరము గడచినది, ఒక్క విద్యార్థియు బాప్తిస్మము కోరలేదు. తుదకు 1852లో మంచాల రత్నము గారు, అయినాల భూషణము గారు అను ఇద్దరు ముందుకు వచ్చిరి. ఊరిలో గొప్ప అలజడి పుట్టినది. తలిదండ్రులు పిల్లలను మాన్పించుటచే బడి ఖాళీ అయినది. ఆయన మరల మొదటినుండి ఆరంభింపవలసి వచ్చెను. ఆ ఇద్దరును 1864లో గురువులుగా అభిషేకము పొందిరి. ఆ మరుసటి యేట, 1865 అక్టోబరు 17న, నోబుల్ గారు బందరులోనే ప్రాణము విడిచిరి. వచ్చిన ఇరువది నాలుగేండ్లలో ఒక్కసారియైనను స్వదేశమునకు వెళ్లలేదు. ఆయన దినములు లెక్కించుకొన్న విధము అది.

ఉప్పెన రాత్రి

ఆ రెండు సంవత్సరముల మధ్య ఒక రాత్రి ఉన్నది. దానిని విడిచి మన చరిత్ర చెప్పుటకు వీలులేదు. 1864 నవంబరు 1వ తేదీ. సంఘ పంచాంగములో అది సకల పరిశుద్ధుల పండుగ దినము. ఆ రాత్రి గాలివానతో సముద్రము పొంగి బందరు మీద పడెను. నీరు మైళ్ల కొలది లోపలికి పారెను. చనిపోయినవారు ముప్పది వేలమంది యని ఆనాటి అంచనా. మిషనువారి బాలికల వసతి పాఠశాలలోని పిల్లలు కూడ ఆ నీటిలో కొట్టుకొనిపోయిరి.

ఆ చిన్నబిడ్డల ఆయుస్సును ఏమని లెక్కింతుము? వారి జీవితమునకు ఉద్దేశ్యమేమి? ఈ ప్రశ్న మనకు పరాయిది కాదు. 1977 నవంబరు 19, శనివారమున దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు ఇంచుమించు పదివేలమంది చనిపోయిరి. మన డెల్టాలో ఆ దినమును మరచిన పెద్దవారు లేరు. అప్పుడు కూడ కొందరు, ఇది ఆ ఊరివారి పాపమునకు శిక్ష అని తేలికగా పలికిరి.

అటువంటి మాటకు ప్రభువు లూకా సువార్త 13వ అధ్యాయములో సమాధానమిచ్చెను. సిలోయము గోపురము కూలి పదునెనిమిది మంది చనిపోగా, వారు తక్కినవారికంటె ఎక్కువ అపరాధులు కారని ఆయన స్పష్టముగా చెప్పెను. చచ్చినవారి లెక్క తీయుట మాని, బ్రదికియున్న మీరు మీ మనస్సు మార్చుకొనుడని వినువారి వైపు తిరిగెను. వెంటనే ఫలింపని అంజూరపు చెట్టు ఉపమానము చెప్పెను. ఆ చెట్టుకు ఇంకొక సంవత్సరము గడువు ఇవ్వబడినది. తోటమాలి దాని చుట్టు త్రవ్వి ఎరువు వేయుదుననెను. మనకు ఉన్న ప్రతి సంవత్సరము అటువంటి గడువే. ఆ బిడ్డలు ఏల పోయిరో మనకు తెలియదు. మనము ఏల మిగిలితిమో మాత్రము ఆలోచింపవలసిన భారము మన మీద ఉన్నది. ఉప్పెన తరువాత నోబుల్ గారు బ్రదికినది ఒక సంవత్సరమునకు కొంచెము తక్కువ.

కాలువ త్రవ్వినవారు

బందరు విడిచి మన వైపునకు వత్తము. గన్నవరము ప్రక్కన పారు ఏలూరు కాలువను చిన్ననాటినుండి చూచుచున్నాము. అది బెజవాడ ఆనకట్ట నీరు. 1832, 33 సంవత్సరములలో వచ్చిన కరువులో కృష్ణకు ఆవల గుంటూరు సీమలో ఇంచుమించు ఐదు లక్షల జనములో రెండు లక్షల వరకు చనిపోయినట్లు అంచనా వేసిరి. దానినే మన పెద్దలు డొక్కల కరువు అనిరి. నది నిండుగ పారుచుండగనే దాని ఒడ్డు సీమలో జనులు ఆకలితో చచ్చిరి. ఆ దుఃఖము తరువాత ఆర్థరు కాటను దొరగారు మొదలగువారి ప్రయత్నము మీద 1852లో ఆనకట్ట పని మొదలై 1855లో ముగిసినది. బందరులో నోబుల్ గారి మొదటి విద్యార్థులు బాప్తిస్మము పొందిన యేడును 1852 యే.

కాటను గారి పేరు అందరికిని తెలియును, విగ్రహములు కూడ ఉన్నవి. పలుగు, పార పట్టి మన్ను త్రవ్వి, తట్టలతో గట్టుకు మోసిన వేలమంది పేర్లు ఎవరికిని తెలియవు. కాని వారు మోసిన మన్ను మీదనే మనము నడచుచున్నాము, వారు త్రవ్విన దారిలో వచ్చిన నీటితో పండిన అన్నమే తినుచున్నాము. మన ఊరి విమానాశ్రయపు రన్‌వే పొడిగించుటకు ఆ కాలువ దారినే మళ్లింప బూనిరి. నూటయేబది యేండ్ల కాలువకు కూడ స్థిరమైన చోటు లేదు. నీరు మాత్రము చేలకు చేరవలెను.

ఆ కాలములోనే బెజవాడలో మన సంఘ చరిత్రను మార్చిన సంగతి ఒకటి జరిగినది. నందిగామ ప్రాంతపు రాఘవాపురములో పగోలు వెంకయ్యగారను పెద్ద ఉండెడివారు. లోకము అంటరానివారని త్రోసివేసిన కులములో పుట్టినవారు. చదువు లేదు. విగ్రహము దేవుడు కాదని ఎవరో చెప్పగా విని, నిజమైన దేవుడు తన్ను తాను కనపరచుకొనవలెనని ఏండ్ల తరబడి తనకు తెలిసిన మాటలతో ప్రార్థించుచుండిరి. నడివయస్సు దాటిన తరువాత బెజవాడలో మిషనరీ డార్లింగు దొరగారిని కలిసికొని, 1859లో బాప్తిస్మము పొందిరి. నా ఆయుస్సులో ఎక్కువ భాగము గడచినది గదా, ఇక నేనేమి చేయగలనని ఆయన కూర్చుండలేదు. 1891లో కన్నుమూయువరకు ఊరూర నడచి తన వారికి చెప్పుచునే ఉండిరి. కృష్ణా మండలములో దళితులు గుంపులుగుంపులుగా ప్రభువు నొద్దకు వచ్చుట ఆయనతో ఆరంభమైనది. నోబుల్ గారు పైకులములవారి పిల్లల కొరకు బడి పెట్టి ఎదురుచూచుచుండగా, పంట ఆయన చూడని పొలములో పండినది. ఒకడు విత్తును, వేరొకడు కోయును అని ప్రభువు సమరయ బావి యొద్ద చెప్పిన సంగతి ఇదియే.

డెబ్బది సంవత్సరములు

90వ కీర్తన చెప్పిన డెబ్బది సంవత్సరములు సరిగా బ్రదికినవారు మన చరిత్రలో ఒకరున్నారు. బిషప్ అజరయ్య గారు 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి సీమలో పుట్టిరి. తమిళులైయుండి తెలుగు నేర్చుకొని, 1909లో దోర్నకల్లుకు మిషనరీగా వచ్చిరి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకము పొందిరి. ఆంగ్లికన్ సంఘములో భారతీయులలో మొదటి బిషప్పు వారే. కృష్ణా మండలపు సంఘములు కూడ తరువాత వారి అధ్యక్షతలోనికి వచ్చినవి. ఎడ్లబండి మీద, పడవ మీద, కాలినడకను తిరిగి, మన పల్లెలలోని పాకగుడులలో జనుల మధ్య కూర్చుండి బోధించిరి. వారి కాలములో దోర్నకల్ అధ్యక్ష ఖండములోని విశ్వాసులు రెండు లక్షలు దాటిరి.

వారి జీవితమంతటిలో గొప్ప ఆశ సంఘముల ఐక్యత. 1919లో తరంగంబాడిలో జరిగిన సభ మొదలుకొని దాని కొరకు ప్రయాసపడిరి. మాలలును మాదిగలును ఒక్క బల్లయొద్ద కూర్చుండుటకు వెనుదీయుచుండగా, మిషనులవారు తమ దేశపు తగవులను మనకు అంటించుట ఏమి న్యాయమని వారి బాధ. 1945 జనవరి 1న దోర్నకల్లులో వారు కన్నుమూసిరి. దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న మద్రాసులో స్థాపింపబడినది. రెండు సంవత్సరముల తొమ్మిది నెలల దూరములో, ఆ దినమును కొండమీదినుండి చూచినవారివలె చూచి వెళ్లిపోయిరి.

ఫాక్సు గారిది ముప్పదియొకటి, నోబుల్ గారిది ఏబదియారు, అజరయ్య గారిది డెబ్బది. ఏండ్ల లెక్క వేరైనను ముగ్గురును నెబో కొండ మీదనే ఆగిరి. దాటినవారు వెనుకవచ్చినవారు. ఆ వెనుకవచ్చినవారము మనము.

మన లెక్క

పౌలు పిసిదియ అంతియొకయలో మాటలాడుచు దావీదు రాజు జీవితమంతటిని ఒక్క వాక్యములో చెప్పెను. దేవుని చిత్తము చొప్పున తన కాలమువారికి పనికివచ్చి, ఆ పిమ్మట కన్నుమూసెనని దాని భావము (అపొస్తలుల కార్యములు 13). రాజ్యము, యుద్ధములు, భవనములు ఆ వాక్యములో లేవు. నరజీవితమునకు ఉద్దేశ్యమేమని అడుగువారికి ఇంతకు మించిన సులువైన జవాబు మాకు దొరకలేదు. మన కాలమువారికి మనము పనికిరావలెను. తరువాతివారికి అప్పగించి పోవలెను. మనలను మరల లేపువాడు ప్రభువు గనుక, మన పేరు నిలుపుకొను భారము మనది కాదు. 1 కొరింథీయులకు 15వ అధ్యాయమంతయు పునరుత్థానమును గూర్చి చెప్పిన పౌలు, దాని చివరి వచనములో ప్రభువు పనిని గూర్చియే మాటలాడెను. మోషే కీర్తన ముగిసిన చోటనే ఆయన అధ్యాయమును ముగిసినది.

గాదెలు నిండిన రైతును గూర్చిన ఉపమానము డెల్టావారమైన మనకు ఎవరును విడమరచి చెప్పనక్కరలేదు. పంట బాగుగ పండుట తప్పని ప్రభువు చెప్పలేదు. ఆ రాత్రి ప్రాణము పోవునని తెలియక, అంతయు తన కొరకే లెక్కవేసికొనుట వెఱ్ఱితనమనెను. సమాధుల మీద పాలరాయి పరచుటయు, పెద్దదినమునకు వందలమందికి భోజనము పెట్టుటయు తప్పని మేము అనము. పోయినవారిపై ప్రేమయే అట్లు చేయించును. అయితే అదే సంఘములో పదవ తరగతితో చదువు ఆగిపోయిన పిల్ల ఉన్నప్పుడు, ఆ రాయి ఆమెకు ఏమి చెప్పును? ఫాక్సు గారి స్నేహితులు ఆయన పేరిట బందరుకు ఉపాధ్యాయుని పంపిన సంగతి మనమొకసారి తలంచుకొనవలెను. మేము కూడ మా ఇండ్లలో పోయినవారికి రాళ్లు వేయించినవారమే. ఇతరులను తప్పుపట్టుటకు కాక, మమ్మును మేము అడుగుకొనుటకే ఇది వ్రాయుచున్నాము.

నూరేండ్ల పండుగ మంచిదే. సంవత్సరములు లెక్కించుట సులువు. మోషే అడిగినది దినములను లెక్కించు బుద్ధి. ఇంకొక నూరేండ్లకు ఈ సంచిక చేతబట్టినవారు మనలో ఒక్కరిని ఎరుగరు. ఈస్టరు వేకువను గన్నవరము సమాధుల తోటకు వచ్చిన పిల్లలు మన రాళ్ల యొద్దకును వచ్చి, అక్షరములు చెరిగియుండగా ఊరకుందురు. అయినను వారు అక్కడికి పాడుకొనుచు వత్తురా, వారి చేతిలో కొవ్వొత్తి ఉండునా అనునది మనము ఇప్పుడు చేయు పనిని బట్టి ఉండును. ఆ ఇటుక దిబ్బల క్రింద ఉన్నవారు తమ వంతు చేసిరి. లేనియెడల మేము ఆ తోటకు పాడుకొనుచు పోయెడివారము కాము.

రాతి పలక సంగతి ఇంకను తేలలేదు. పెద్దలు ఏది నిర్ణయించినను మాకు సమ్మతమే. పిడికెడు బియ్యపు కుండ మాత్రము ఈ మధ్య మూడు ఆదివారములుగా గుడిలో బల్ల క్రిందనే ఉన్నది. ఆమె నడువలేకపోవుచున్నది. ఇండ్లలో తీసి ఉంచిన బియ్యము అట్లే ఉన్నది. దానిని తీసికొని వీధి వెంట వెళ్లుటకు ఇంకను ఎవరును చేయి చాపలేదు.

సంఘస్థులారా, మీ సంఘములో కూడ అటువంటి కుండ ఒకటి ఎక్కడనో ఉండును. దానిని ఎవరు త్రిప్పుచున్నారో, వారి తరువాత ఎవరో, ఈ ఆదివారము అడిగి తెలిసికొనుడి. మన చేతుల పనిని ప్రభువు స్థిరపరచును గాక. ఆమేన్.